రాధామనోహరం: లేత తీగ కత్తిరింపు, పోషణ

సాయంకాలం వీధిలో పోయేవారిని గోడమీదినుండి సువాసనతో నిలిపివేసే తీగలలో రాధామనోహరం ముఖ్యమైనది. ఉర్దూలో దీనిని ‘రంగూన్ కీ బేల్’ అంటారు. దీని శాస్త్రీయనామం కాంబ్రెటమ్ ఇండికమ్. చాలాకాలం క్విస్క్వాలిస్ ఇండికా అని వ్యవహరించారు. కరక్కాయ, తాని, మద్ది వృక్షాలు కూడా ఈ కుటుంబానికి చెందినవే.

లాటిన్ భాషలో ‘క్విస్’ అనగా ఎవరు, ‘క్వాలిస్’ అనగా ఎటువంటిది అని అర్థం. 17వ శతాబ్దంలో అంబోయినా ద్వీపంలో నివసించిన రంఫియస్ పెట్టిన పేరిది. మొక్క స్వభావానికి ఈ ప్రశ్న తగియే ఉన్నది. లేతప్రాయంలో ఇది పొదవలె నిలువుగా పెరిగి, పిదప తీగయై ప్రాకుతుంది. పువ్వు సంధ్యవేళ తెల్లగా విచ్చుకొని, క్రమంగా గులాబిరంగు దాల్చి, రెండుమూడు దినాలలో ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించుటకు కారణమిదే.

పెంచేవారు పొరబడేది ఆ పొదప్రాయంలోనే. ఏపుగా పెరుగుతున్న లేత మొక్కను కోయుటకు చాలామందికి చేయి రాదు. కోయక విడిచినచో ఒకటి రెండు తీగలు గోడ దాటి పైకి పోతాయి, క్రింది భాగం బోసిపోతుంది. పువ్వులు మేడమీదివారికి, రాలిన ఆకులు మనకు!

దీనికి కారణం శరీరధర్మశాస్త్రం చెబుతున్నది. కొమ్మ చివరనున్న మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోను తయారై క్రిందికి దిగుతుంది. అది ఉన్నంతవరకు ఆకుల గ్రీవాలలోని మొగ్గలు నిద్రావస్థలో ఉంటాయి. దీనినే అగ్రాధిక్యత అంటారు. 1930 దశకంలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు చిక్కుడుజాతి మొక్కల కొనలు త్రుంచి, ఆ స్థానంలో ఆక్సిన్ ఉంచి చూచారు. కొన లేకున్నను ప్రక్కమొగ్గలు మేల్కొనలేదు. కనుక మనం కొన త్రుంచుట మొక్కను బాధించుట కాదు, నిద్రించు మొగ్గలను లేపుట.

వానకాలంలో నాటిన మొక్క అడుగు, అడుగున్నర ఎత్తు కాగానే కొనను గోటితో త్రుంచవలెను. ప్రక్కన బయలుదేరిన చిగుళ్ళలో బలమైన మూడు నాలుగింటిని ఉంచి, వాటిని నిలువుగా గాక విసనకర్రవలె పరచి పందిరికో తీగెలకో మెత్తని నారతో వదులుగా కట్టవలెను. మొదటి చలికాలం చివర, అనగా జనవరి నెలాఖరు ప్రాంతంలో, ఈ కొమ్మలను రెండు మూడడుగులకు తగ్గించవలెను. కోత కణుపుకు కొంచెం పైన, ఏటవాలుగా, పదునైన కత్తెరతో పడవలెను. నలిగిన కోత త్వరగా మానదు. ముదిరిన తీగలో రాలిన ఆకుల కాడల మొదళ్ళు గట్టిపడి ముళ్ళవలె నిలుస్తాయి గనుక చేతికి గుడ్డ చుట్టుకొనుట మంచిది.

చలికాలం చివరనే ఎందుకు? రాధామనోహరం ఆ ఏటి క్రొత్త చిగుళ్ళ చివరనే పూస్తుంది. వేసవికి ముందు కోసినచో ఎన్ని చిగుళ్ళో అన్ని గుత్తులు. మల్లెతోట రైతు చలికాలంలో నీరు ఆపి కొమ్మలు కత్తిరించుటలోని సూత్రమూ ఇదే. అన్ని తీగలకు ఈ కాలం పనికిరాదు. హిమాలయాలలో పెరిగే క్లెమాటిస్ మోంటానా పోయిన ఏటి కొమ్మలపై వసంతంలో పూస్తుంది. దానిని చలికాలంలో కోసినచో ఆ ఏటి పువ్వులన్నీ కత్తెర పాలే. పూత ముగిసిన వెంటనే కోయవలెను. అదే కుటుంబంలోని జాక్‌మానీ అనే సంకరజాతి క్రొత్త చిగుళ్ళపై పూస్తుంది గనుక దానిని మన తీగవలెనే చలికాలం చివర కోస్తారు. కత్తెర పట్టుటకు ముందు పువ్వు పాతకొమ్మపై వచ్చునా, క్రొత్తదానిపై వచ్చునా అని ఒక ఏడాది గమనించవలెను.

కోత తరువాత మొదట్లో ఒక గంప చివికిన పశువుల ఎరువు వేసి, చిగుళ్ళు కనిపించేవరకు నీరు మితంగా పోయవలెను. యూరియా అధికమైనచో ఆకు దట్టమై పూత తగ్గుతుంది. నీడలోనూ అంతే.

వేళ్ళనుండి లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయవలెను. వేరుతో సహా త్రవ్వి తీసిన పిలకను తొలకరిలో మరొక గోడప్రక్క నాటుకొనవచ్చును.