పాపకి విశ్వాసం చాలకా?

సమస్య: మేడం, మాది తెనాలి. మా పాపకి పదమూడేళ్ళు. టైప్ 1 షుగర్, రోజూ ఇన్సులిన్ వేయాలి. మొన్న వేసవిలో స్వస్థత కూటాలకి తీసుకెళ్తే, దైవసేవకుడు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ‘‘బాగైపోయింది, సాక్ష్యం చెప్పు’’ అన్నారు. ఆ మర్నాటి నుంచే మావారు ఇన్సులిన్ మాన్పించారు. రెండోరోజుకే వాంతులు, ఆయాసం. ఐసీయూలో పెట్టి బతికించారు. ఇప్పుడు మళ్ళీ వేస్తున్నాం గానీ, ‘‘దీనికి విశ్వాసం చాల్లేదు’’ అంటారు మావారు. మా బావగారిది బ్రెదరెన్ సంఘం. అద్భుత స్వస్థతలు అపొస్తలులతోనే ఆగిపోయాయంటారు. ఆదివారం వస్తే అన్నదమ్ములిద్దరికీ ఇదే వాదన. పాప మాత్రం బాత్రూం గడియ పెట్టుకుని సూది వేసుకుంటోంది. ‘‘ప్రభువా, క్షమించు’’ అని ఏడవడం నా చెవులతో విన్నాను. వీళ్ళిద్దరిలో ఎవరి మాట నిజం?

– ఒక తల్లి

సలహా: అమ్మా, పాప ఆ గడియ వెనక అన్న మాట చదివాక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను. ప్రాణం నిలిపే మందు వేసుకుంటూ పసిపిల్ల దేవుడికి క్షమాపణ చెప్పుకుంటోందంటే ఆ పాపం పెద్దవాళ్ళది. మీవారిదీ, సాక్ష్యం కోసం తొందరపడిన ఆ సేవకుడిదీ.

మీ బావగారి వాదన పాతదే. 1918లో అమెరికాలో వార్‌ఫీల్డ్ అనే వేదాంత పండితుడు దానిమీద పుస్తకమే రాశారు. అంతకు పన్నెండేళ్ళ ముందే లాస్ ఏంజిలస్‌లో అజూసా వీధి ఉజ్జీవం, స్వస్థత వరాలు నేటికీ ఉన్నాయని చాటింది. వందేళ్ళు దాటినా తెగని ఈ తగువు మీ ఇంట్లో తెగక్కర్లేదు. ఎవరు గెలిచినా పాపకి ఇన్సులిన్ తప్పదు. 1922లో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్నది పద్నాలుగేళ్ళ పిల్లాడు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు చూస్తుండగానే చిక్కి చనిపోయేవారు.

నాకు ఒళ్ళు మండేది ఆ ‘విశ్వాసం చాల్లేదు’ అన్న మాటకి. మీవారు చదివే బైబిల్లోనే చూడమనండి. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. జబ్బుపడ్డ త్రోఫిమును ఆయన మిలేతులో విడిచి వెళ్ళాల్సొచ్చింది. కడుపు బాగోని తిమోతిని కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు గానీ, నీకు భక్తి లేదని దెప్పలేదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. పక్షవాత రోగిని నలుగురు మోసుకొస్తే యేసు వాళ్ళ విశ్వాసం చూశాడని ఉంది, మంచం మీదున్నవాణ్ణి నిలదీసినట్టు లేదు. రోగికోసం ప్రార్థించమని యాకోబు రాసింది సంఘ పెద్దలకి. మరి లోపం వెతకాల్సొస్తే పాపలోనే ఎందుకు వెతకాలి?

మన ఇళ్ళలో ఇదో జాడ్యం. పిల్లాడు పరీక్ష తప్పితే శ్రద్ధ లేదంటాం, కడుపు నిలవకపోతే కోడలి జాతకమంటాం. పెద్దల పంతం దెబ్బతిన్నప్పుడల్లా ఇంట్లో ఎదురు చెప్పలేని మనిషి మీద నెపం వేస్తాం.

మీ పక్కనే గుంటూరులో ఆసుపత్రి కట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ మిషనరీయే కదమ్మా! ఆవిడకి ప్రార్థనా, వైద్యమూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ప్రార్థన మానమనను. ఈ రాత్రి నుంచి ఇన్సులిన్ భోజనాల దగ్గర, అందరి ఎదుటే వేయండి. నీ తప్పేం లేదని మీవారి చేతే పాపకి చెప్పించండి. మళ్ళీ మాన్పిస్తానంటే డాక్టరుకి చెప్పండి, ఆలస్యం చేయకుండా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.