కలలను మన వశం చేసుకోవచ్చా?

ప్రొద్దుటూరులో ఇషా నమాజు తర్వాత జరిగే దర్స్ ముగిసింది. అందరూ లేచి వెళ్తున్నారు, ఒక యువకుడు మాత్రం చాప మీదే కూర్చుండిపోయాడు. నగల అంగడిలో పనిచేస్తాడు. "హజ్రత్, కల కంటున్నప్పుడే ఇది కల అని తెలుసుకొని, మనకు కావలసినవాళ్లను పిలిపించుకోవచ్చంట. ఫోన్‌లో చూసి రెండు నెలల నుంచి నేర్చుకుంటా ఉండా. జాయిజేనా?" అని అడిగాడు. ఎవరిని పిలిపించుకోవాలని అడిగాము. "మా అబ్బాను" అన్నాడు.

తండ్రి 2021లో కరోనాతో పోయాడు. గుస్ల్ ఇచ్చే భాగ్యం కూడా కొడుకుకు దక్కలేదు. అంతకు కొన్నాళ్ల ముందు తండ్రి మీద గొంతెత్తి మాట్లాడాడట. ఆ మాటకు మన్నింపు అడగాలి, అంతే అతని కోరిక. ఆ రాత్రి అతనితో అన్న మాటలనే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాము. ఎందుకంటే ఇటువంటి ప్రశ్నే జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ వేరే రూపంలో విన్నాము.

ముందుగా ఆ విద్య ఏమిటో తెలుసుకుందాం. కలలో ఉండగానే అది కల అన్న ఎరుక కలగడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. 1913లో వాన్ ఈడెన్ అనే డచ్చి వైద్యుడు ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1975లో ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. నిద్రిస్తున్న మనిషి ముందుగా అనుకున్న ప్రకారం కనుగుడ్లను కుడి ఎడమలకు కదిలించి, కలలోనుంచే సంకేతమిచ్చాడు. కాబట్టి ఇది కట్టుకథ కాదు, జిన్నుల పని అంతకన్నా కాదు. తెల్లవారుజాము నిద్రలో కలలు దట్టంగా వస్తాయి. అందుకని సాధకులు అయిదారు గంటలు పడుకొని, అలారంతో లేచి, కొంతసేపు మేలుకొని, "ఈసారి కలను గుర్తుపడతాను" అని మనసులో గట్టిగా అనుకొని మళ్లీ పడుకుంటారు. లేవగానే కలలను పుస్తకంలో రాసుకుంటారు. పగలు కూడా "ఇది కలా, నిజమా?" అని పదేపదే పరీక్షించుకుంటారు.

ఇప్పుడు ధర్మం సంగతి. మహాప్రవక్త (స) కలలను మూడు రకాలుగా వివరించారు. అల్లాహ్ తరఫు నుండి వచ్చే శుభవార్త ఒకటి. షైతాను కలిగించే దుఃఖం, భయం రెండవది. మనిషి తన మనసుతో తాను మాట్లాడుకునేది మూడవది. విశ్వాసి కనే సత్యమైన కల దైవదౌత్యపు నలభై ఆరు భాగాలలో ఒకటని కూడా హదీసులో ఉంది. ఆ గౌరవం మొదటి రకానిదే. సాధన చేసి, పాత్రలను మనమే పిలిచి, వారి నోట మాటలు మనమే పలికించే కల ఏ రకం అవుతుంది? మూడవదే కదా! ఆ యువకుడు కలలో తండ్రిని చూడవచ్చు. "మన్నించాను బేటా" అనే మాట కూడా వినవచ్చు. కానీ ఆ మాట అన్నది అబ్బా కాదు, అతని సొంత నఫ్స్. తప్పు చేసినవాడే తనకు తాను మాఫీ పత్రం రాసుకున్నట్టు.

ఈ తపన కొత్తదేమీ కాదు. ఇబ్నె ఖల్దూన్ (1332-1406) తన ముఖద్దిమాలో ఇటువంటి సంగతే రాశారు. పడుకోబోయే ముందు కొన్ని అర్థం తెలియని పదాలు పలికి, తెలుసుకోగోరే విషయాన్ని తలచుకుంటే అది కలలో కనిపిస్తుందని ఒక మాంత్రిక గ్రంథంలో ఉందట. తాము కూడా ప్రయత్నించామనీ, విచిత్రమైన కలలు వచ్చాయనీ ఆయన దాచకుండా చెప్పారు. వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశారు: మనిషి తన సంకల్పంతో కలను సృష్టించగలడనడానికి ఇది రుజువు కాదు, ఆ పదాలు మనసును సిద్ధం చేస్తాయి, అంతవరకే. అర్థం తెలియని పదాలు జపించడం ఉలమా దృష్టిలో తగదు గనుక వాటిని మేమిక్కడ రాయడం లేదు. ఎవరైనా తాయెత్తులో రాసిస్తే తీసుకోకండి.

జమ్మలమడుగులో ఒక తల్లి పంపిన ప్రశ్న ఇంతకంటే సున్నితమైనది. దైవప్రవక్త (స)ను కలలో చూడడానికి ఈ సాధన పనికివస్తుందా అని ఆమె అడిగించింది. ఆ ప్రేమను మేము తక్కువ చేయము. ఆయన రూపాన్ని షైతాను ధరించలేడన్న హదీసు సత్యం. అయితే మన ఊహ అల్లిన బొమ్మకు ఆ హదీసును అంటగట్టగలమా? ఎవరైనా వచ్చి అటువంటి కల కన్నానంటే ఇబ్నె సీరీన్ (రహ్మ) "నీవు చూసిన రూపాన్ని వర్ణించు" అని అడిగేవారు. దరూద్ అధికంగా పఠించమన్నాము. కలను ఇచ్చేవాడు ఇస్తాడు. చూడని కలను చూశానని చెప్పేవాడిని ప్రళయదినాన రెండు యవల గింజలను ముడివేయమంటారనీ, వాడు వేయలేడనీ హదీసులో ఉంది. ఎరుకతో అల్లుకున్న కలను "బషారత్" అని నలుగురికీ చెప్పుకునేవారు ఈ హెచ్చరికకు ఎంత దగ్గరగా ఉన్నారో ఆలోచించాలి.

పులివెందుల విషయం చిన్నదే. ఇస్తిఖారా చేసిన రాత్రి నల్లపామును కలగన్నానని ఒక పెద్దమనిషి కుదిరిన సంబంధం వదులుకున్నాడు. ఇస్తిఖారా హదీసులో కల ప్రస్తావనే లేదు! రెండు రకాతులు, దుఆ, ఆపై అల్లాహ్ సుగమం చేసిన దారి. ఆ ఆడపిల్ల తండ్రికి ఎవరు జవాబు చెబుతారు?

అయితే ఎరుకతో కల కనడం హరామా? నిద్రలో కలిగే ఒక స్థితిని హరామనే సాహసం మేము చేయము. పీడకలలతో నలిగేవారికి వైద్యులు దీన్ని ఉపయోగించి చూశారు కూడా. కానీ మాటిమాటికీ నిద్ర చెరుపుకుంటే ఆరోగ్యం చెడుతుంది. కొందరికి మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదలని స్థితి, మనవాళ్లు దయ్యం అదిమిందనుకునేది, ఎదురవుతుంది. కలకూ నిజానికీ తేడా తెలియని మానసిక రుగ్మత ఉన్నవారు దీని జోలికి పోనేకూడదు.

ఆ యువకుణ్ణి ఒకటే అడిగాము, అలారం ఎన్నింటికని. "నాలుక్కు, హజ్రత్. ఇరవై నిమిషాలు కూర్చొని మళ్లీ పడుకుంటా." మరి ఫజ్ర్? తల దించుకున్నాడు. తహజ్జుద్ వేళకు లేచి, వుజూ లేకుండా కూర్చొని, ఫజ్ర్ పోయేలా పడుకుంటున్నాడన్నమాట! తండ్రి మగ్ఫిరత్ కోసం చేతులెత్తడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది?

తండ్రి స్నేహితులతో సంబంధం నిలుపుకోవడం గొప్ప పితృసేవ అని ప్రవక్త (స) బోధించారు. మీ అబ్బాకు దోస్తులు ఎవరైనా ఉన్నారా అని అడిగాము. జమ్మలమడుగులో ఒక చాచా ఉన్నాడట, ఇద్దరూ కలిసి పత్తి వ్యాపారం చేశారట. జనాజా తర్వాత అతని గడప తొక్కలేదన్నాడు. మరుసటి జుమా నాడు బస్సెక్కి వెళ్లాడు. ఆ చాచా ఇతన్ని చూసి చాలాసేపు ఏడ్చాడట. తర్వాత లేచి పెట్టె తెరిచి, అబ్బా పద్దులు రాసుకున్న పాత నోటుపుస్తకం తెచ్చి ఇచ్చాడట. అందులో ఇంకా తీరని బాకీలు రెండున్నాయి. వాటిని ఎవరికి, ఎలా తీర్చాలో అడగడానికి మళ్లీ మా దగ్గరికి వచ్చాడు.