"సెట్ అసైడ్" - ఒక మాట, మూడు అర్థములు

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు కాగితములలో ఇంగ్లీషు ఇంకను కొంత మిగిలియే యున్నది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము తెలుగును రాష్ట్ర అధికార భాషగా చేసినది. అయినను, రాజ్యాంగము 348వ అధికరణమును అనుసరించి హైకోర్టు తీర్పుల అధికారిక పాఠము ఇంగ్లీషుననే వెలువడుచున్నది. తీర్పులలోను, బడ్జెటు పత్రములలోను తరచు కానవచ్చు మాటలలో "సెట్ అసైడ్" ఒకటి. దీని అర్థమును పొరబడినచో గ్రామమునకు నష్టము వాటిల్లవచ్చును.

"సెట్" అనగా పెట్టుట; "అసైడ్" అనగా ప్రక్కకు. రెండును కలిపిన "ప్రక్కకు పెట్టుట" యగును. కాని ఇట్టి జంటమాటలకు విడివిడి పదముల అర్థము చాలదు. మన భాషయందును "ఆ సొమ్ముపై నీళ్లు వదలుకొన్నాడు" అన్నప్పుడు ఎవరును చెంబు వెదకరు గదా!

మొదటి అర్థము: ప్రత్యేకించి యుంచుట. "త్రాగునీటి పనికై ఇంత మొత్తము సెట్ అసైడ్ చేయబడినది" అని బడ్జెటులో నున్నచో, ఆ సొమ్ము ఆ పనికే కేటాయింపబడినదని గ్రహింపవలెను; పని వాయిదా పడినదని కాదు. భూమి విషయమునను ఈ మాట వాడుదురు. 1988లో యూరోపియన్ ఆర్థిక సమాజము, ధాన్యపు దిగుబడి మితిమీరినందున, రైతులు కొంత పొలమును బీడుగా విడిచినచో పరిహారమిచ్చు పథకమును ప్రారంభించినది. ఆ పథకమునకు ఈ మాటయే పేరు.

రెండవ అర్థము: విడనాడుట. "విభేదములను సెట్ అసైడ్ చేసి పనిచేయుడు" అన్నచో, తగవులను తలపెట్టక కలిసి నడువుడని భావము.

మూడవ అర్థము: రద్దుచేయుట. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఒక పంచాయతీ తీర్మానమును న్యాయస్థానము "సెట్ అసైడ్" చేసినదనుకొందము. "మన తీర్మానమును ప్రక్కన పెట్టినారు, తరువాత చూతురు" అని సభ్యులు వేచియున్నచో అప్పీలు గడువు గడచిపోవును. ఆ తీర్మానము ప్రక్కన లేదు. అసలు చెల్లకుండ పోయినది. తాత్కాలికముగా నిలుపుటకు "స్టే" అను వేరు మాట యున్నది. రద్దుచేసిన పిమ్మట విషయమును మరల విచారింపుమని న్యాయస్థానము ఆదేశింపవచ్చును. కాని ఆ సంగతి తీర్పులో స్పష్టముగా వ్రాసియుండవలెను.

ఈ అర్థమే పంచాయతీకి ఉపకరించు సందర్భమును గలదు. పోరంబోకు స్థలమును గూర్చి ఎవరైన దావా వేయగా, సమను అందియు పంచాయతీ పక్షమున ఎవరును హాజరు కానిచో, ఏకపక్ష డిక్రీ కావచ్చును. దానిని "సెట్ అసైడ్" చేయుమని సివిల్ ప్రొసీజర్ కోడు 9వ ఆర్డరు 13వ రూలు క్రింద అదే న్యాయస్థానమున దరఖాస్తు పెట్టుకొనవచ్చును. హాజరు కాకపోవుటకు తగిన కారణము చూపవలెను. 1963 నాటి లిమిటేషన్ చట్టము ప్రకారము ఇందుకు గడువు డిక్రీ తేదీ నుండి 30 రోజులు. సమను సక్రమముగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి ఆ 30 రోజులు లెక్కింపబడును.

తెలుగున "కొట్టివేయుట" అను మాట విషయమునను జాగ్రత్త వహింపవలెను. "అప్పీలును కొట్టివేసిరి" అన్నచో క్రింది ఉత్తరువు నిలిచినది. "ఉత్తరువును కొట్టివేసిరి" అన్నచో అది పోయినది. క్రియ ఒక్కటే, ఫలితములు తలక్రిందులు. ఇంగ్లీషున మొదటిదానికి "డిస్మిస్", రెండవదానికి "సెట్ అసైడ్" అందురు.

కావున ఈ మాట కనబడినపుడు దేనిని "సెట్ అసైడ్" చేసినారో ముందు చూడవలెను. అది సొమ్ము, కాలము, భూమి యైనచో ప్రత్యేకించుట. తగవు, విభేదము అయినచో విడనాడుట. తీర్మానము, ఉత్తరువు, డిక్రీ, ఎన్నిక అయినచో రద్దు. రద్దని తేలినచో, నకలుపై తేదీని గుర్తించి, ఆ దినముననే న్యాయవాదిని సంప్రదించి, గడువును పంచాయతీ సమావేశమున అందరికిని చదివి వినిపింపవలెను. గ్రామము ఆస్తిని కాపాడుటలో ఒక మాట అర్థమును తెలిసికొనుటయు ఒక భాగమే.