లోక్‌సభ ఎన్నిక, సంకీర్ణ ప్రభుత్వం: మన ఓటు ఎక్కడ లెక్కకు వస్తుంది?

పాఠ్యోద్దేశం: లోక్‌సభ ఫలితాలు వెలువడిన తరువాత కేంద్ర ప్రభుత్వం ఏ విధంగా ఏర్పడుతుందో, అందులో బళ్ళారిలో నివసించే తెలుగు ఓటరు స్థానమేమిటో తెలియజేయడం.

1. ఒకే కుటుంబం, రెండు రాష్ట్రాలు

కౌల్ బజార్‌లోని పలు తెలుగు కుటుంబాలకు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ప్రాంతాలతో రాకపోకలున్నాయి. ఆ మూడు తాలూకాలు ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనివే. 1953 అక్టోబరు 1న అవి కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. బంధుత్వాలకు ఆ సరిహద్దు అడ్డు కాలేదు. ఓటుకు మాత్రం అది హద్దే.

2024లో బళ్ళారి లోక్‌సభ స్థానానికి మే 7న పోలింగ్ జరిగింది. రాయదుర్గం, ఆదోని ప్రాంతాలలో మే 13న జరిగింది. తేదీలు వేరైనంత మాత్రాన రెండు చోట్లా ఓటు వేయవచ్చునని భావించరాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒక్క నియోజకవర్గపు జాబితాలో మాత్రమే ఉండాలి. రెండు లోక్‌సభ నియోజకవర్గాలలో ఓటు వేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవు. నమోదు కోసం తప్పుడు ప్రకటన చేసినవారికి ఏడాది వరకు జైలు శిక్షగాని, జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు.

కనుక ప్రతి ఓటరూ ముందుగా నిర్ణయించుకోవలసిన విషయం ఒకటుంది: తన ఓటు ఏ ఊరి ప్రతినిధిని ఎన్నుకోవాలి?

2. ఫలితం తరువాత ఏమి జరుగుతుంది?

ఓటరు నేరుగా ప్రధానమంత్రిని ఎన్నుకోడు. తన నియోజకవర్గం నుంచి ఒక సభ్యుణ్ణి పంపుతాడు. లోక్‌సభకు ఎన్నికయ్యే సభ్యులు 543 మంది. ఆధిక్యానికి 272 మంది కావాలి. ఏ పార్టీకీ ఆ సంఖ్య రాకపోతే పార్టీల నడుమ సంప్రదింపులు మొదలవుతాయి. వీటినే వాడుకలో బేరసారాలంటారు.

రాష్ట్రపతి సభలో ఆధిక్యం చూపగలరని భావించిన నాయకుణ్ణి ఆహ్వానిస్తారు. మద్దతునిచ్చే పార్టీలు లేఖలు సమర్పిస్తాయి. కొన్ని పార్టీలు మంత్రివర్గంలో చేరుతాయి. కొన్ని పదవులు తీసుకోకుండా బయటి నుంచి మద్దతిస్తాయి. చివరి తీర్పు సభలోనే జరుగుతుంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

ఈ బేరసారాలకు రెండు కట్టుబాట్లున్నాయి. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదవ షెడ్యూలు ప్రకారం, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వాన్ని కోల్పోయే అవకాశముంది. అందువల్ల సంప్రదింపులు ప్రధానంగా పార్టీల మధ్యనే జరుగుతాయి. 2003 నాటి 91వ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదు. అంటే ఎన్ని పార్టీలు కలిసినా మంత్రులు 81 మందికి మించరు.

3. తెలుగు ఓటరుకు తెలిసిన రెండు ఎన్నికలు

1999లో దేశమంతా బళ్ళారి వైపు చూసింది. సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ ఇక్కడ పోటీపడగా సోనియా గాంధీ గెలుపొందారు. తరువాత ఆమె అమేఠీ స్థానాన్ని ఉంచుకోవడంతో 2000లో ఇక్కడ ఉపఎన్నిక జరిగింది. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ నుంచి 29 మంది తెలుగుదేశం సభ్యులు గెలిచి, వాజపేయి ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చారు. ఆ పార్టీ మంత్రి పదవులు తీసుకోలేదు, జి.ఎం.సి. బాలయోగి మళ్లీ సభాపతి అయ్యారు.

2024లో భారతీయ జనతా పార్టీకి 240 స్థానాలు వచ్చాయి. 16 స్థానాల తెలుగుదేశం, 12 స్థానాల జనతాదళ్ (యునైటెడ్), మరికొన్ని పార్టీలు కలిసి జాతీయ ప్రజాస్వామ్య కూటమి బలం 293కు చేరింది. జూన్ 9న ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. కింజరాపు రామ్మోహన్ నాయుడుకు పౌర విమానయాన శాఖ లభించింది. కర్ణాటకలో రెండు స్థానాలు గెలిచిన జనతాదళ్ (సెక్యులర్) నాయకుడు హెచ్.డి. కుమారస్వామికి భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖలు దక్కాయి. బళ్ళారి నుంచి గెలిచిన ఇ. తుకారాం కాంగ్రెస్ సభ్యుడు. ఆయన ప్రతిపక్షంలో కూర్చున్నారు.

4. అయితే ఇక్కడి ఓటు వృథాయేనా?

కాదు. బంధువులున్న రాష్ట్రంలో గెలిచిన పార్టీ కేంద్రంలో బలం పొందితే, ఆ బలం ఆ రాష్ట్రపు కోరికల వైపే మొగ్గడం సహజం. 2024 జులై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల రూపాయలు సమకూర్చుతామని కేంద్రం ప్రకటించింది. కౌల్ బజార్ వీధిలోని మంచినీటి కొళాయి గురించిగాని, బళ్ళారి రైల్వే స్టేషన్ గురించిగాని పార్లమెంటులో ప్రశ్నించవలసినవాడు మాత్రం బళ్ళారి సభ్యుడే. ఆయన ఏ పక్షంలో ఉన్నా ఏటా 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధికి పనులను సిఫారసు చేస్తాడు.

రెండు రాష్ట్రాలకూ సంబంధించిన విషయాలూ ఉన్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ బళ్ళారి మీదుగా అనంతపురం ప్రాంతానికి నీరు తీసుకుపోతుంది. ఆనకట్టను నిర్వహించే తుంగభద్ర బోర్డుకు అధ్యక్షుణ్ణి కేంద్రమే నియమిస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కాలువకు ఇరువైపులా ఉన్న రైతులు ఒకే ఆందోళనకు గురయ్యారు. ఇట్టి విషయంలో ఢిల్లీలో బళ్ళారి గొంతు కూడా వినిపించాలంటే ఇక్కడి నివాసి ఓటు ఇక్కడే ఉండాలి.

5. చేయవలసిన పని

• మొదటిసారి నమోదుకు ఫారం 6, నివాసం మారినప్పుడు ఫారం 8 సమర్పించాలి. ఫారం 8లో పాత ఓటరు గుర్తింపు సంఖ్యను తప్పక వ్రాయాలి.
• జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 తేదీలలో దేనినాటికైనా 18 ఏళ్లు నిండినవారు అర్హులు.
• అద్దె ఇంటివారికీ నమోదు హక్కు ఉంది. సొంత ఇల్లు ఉండనవసరం లేదు.
• సందేహాలకు బూత్ స్థాయి అధికారిని గాని, 1950 నంబరును గాని సంప్రదించాలి.

పునశ్చరణ ప్రశ్నలు

1. ఏ పార్టీకీ 272 స్థానాలు రానప్పుడు ప్రభుత్వం ఎలా ఏర్పడుతుంది?
2. మంత్రివర్గంలో చేరడానికీ, బయటి నుంచి మద్దతివ్వడానికీ భేదమేమి?
3. మీ ఇంటిలోని ఓటర్ల పేర్లు ఏ నియోజకవర్గపు జాబితాలో ఉన్నాయి? ఎవరి పేరైనా రెండు చోట్ల ఉన్నదా?