పైన ఒక పిడికెడు

మీ ఫ్రిజ్ తెరవండి. కింది అరలో, టమాటాల వెనక, ఒక ప్లాస్టిక్ సంచి కనిపిస్తోందా? పైపైన పచ్చగానే ఉంటుంది. అడుగున నల్లటి నీరు చేరి, ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. కడిగి, తరిగి అమ్మే సలాడ్ ఆకులవి. కొన్న రోజున మీ మనసులో ఏముందో చెప్పమంటారా? "రేపట్నుంచి రాత్రికి సలాడే."

సలాడ్ ఆకుల్ని చంపేది ఆ మాటే. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఇల్లు చేరిన మనిషి గిన్నె తీసి, దోసకాయ చెక్కు తీసి, నిమ్మకాయ పిండుకుని, పచ్చి ఆకుల ముందు కూర్చుంటాడా? మొదటి రోజు కూర్చుంటాడు. రెండో రోజు బ్రెడ్ ముక్కల మధ్య ఏదో ఒకటి పెట్టుకుని తినేసి పడుకుంటాడు. మూడో రోజూ అంతే. సంచి మాత్రం తన గడువు తాను చూసుకుంటుంది.

పావగడ నుంచి బెంగళూరు వెళ్ళి పీజీల్లో, ముగ్గురు కలిసి అద్దెకు తీసుకున్న గదుల్లో ఉంటున్న పిల్లలకు ముఖ్యంగా చెబుతున్నాను. సలాడ్ తినాలన్న సంకల్పం మానుకోండి. ఎలాగూ తినబోయే ఆ బ్రెడ్ మీదే ఒక పిడికెడు ఆకు వేసుకోండి. నా సలహా మొత్తం ఇంతే. ఇది ఎందుకు పనిచేస్తుందో, ఆకు దాటి ఇంకెక్కడ పనికొస్తుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు మన ఊరి సంగతి చూడండి. మూడు వైపులా ఆంధ్ర, పేరుకు తుమకూరు జిల్లా, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఎర్ర నేల, తక్కువ వాన, చెనక్కాయ పంట. వానలు పడి చెనక్కాయ మొలిచాక కలుపు మొదలవుతుంది. కలుపు తీసే ఆడవాళ్ళు గడ్డిని గట్టు మీదకు విసిరేవాళ్ళు. దొగ్గలాకు, గురుగాకు, చెంచలాకు, పాయలాకు మాత్రం ఒడిలో వేసుకునేవాళ్ళు. సాయంత్రానికి ఒడి నిండేది. నాలుగు రకాలూ కలిపి పప్పులో ఉడికించి ఎనిపితే సంగటి ముద్దలోకి కూర తయారు. కన్నడం వాళ్ళు దాన్నే బెరకె సొప్పు అంటారు. ఆ ఒడిలో వేసుకోవడాన్ని కాస్త దగ్గరగా చూడండి. కుడి చేతిలో తొలిక ఆడుతూనే ఉంటుంది, మాట మాటే, పాట పాటే. ఎడం చెయ్యి లేత చిగురును మాత్రం గిల్లి కొంగులోకి తోస్తుంది. ముదురు కాడ గట్టు మీదకే పోతుంది. ఏరడం కూడా అక్కడికక్కడే అయిపోయేది.

ఆ అవ్వల్లో ఎవరైనా "ఈ పూట ఆకుకూర తినాలి, ఒంటికి మంచిది" అని నిర్ణయం తీసుకున్నారా? లేదు. కలుపుకు వెళ్ళారు, ఆకు వెంట వచ్చింది. దాని కోసం విడిగా పొద్దు కేటాయించలేదు, విడిగా పట్టుదలా పట్టలేదు. మంచి అలవాటు ఇంకో పని భుజమెక్కి ఇంటికి చేరేది.

అందుకే ఆ పని పోతే అలవాటూ పోయింది. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం చుట్టుపక్కల ఐదు ఊళ్ళలో ఇప్పుడు సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పలకలున్నాయి. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యంతో పూర్తయిన పార్కు అది. రైతులు భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి కొంత పెంపు. చెనక్కాయలో వరుసగా నష్టపోయినవాళ్ళకు ఆ డబ్బు పెద్ద ఊరటే. కాదనలేం. భూమి లేక కూలికి వెళ్ళేవాళ్ళకు పని తగ్గిందన్నదీ అంతే నిజం. ఇక్కడ మనకు కావలసింది ఇంకా చిన్న విషయం. పైరు లేని చోట కలుపు తీసే పని లేదు, కలుపు లేని చోట ఒడిలో ఆకూ లేదు. ఆకు మానేద్దామని ఏ ఇంట్లోనూ ఎవరూ తీర్మానించలేదు. దాన్ని మోసుకొచ్చే పని ఆగింది, అదీ ఆగింది. బస్సెక్కి బెంగళూరు వెళ్ళిన కుర్రాడి విషయంలోనూ జరిగింది ఇదే. వాడికి ఆకు మీద కోపమేమీ లేదు.

కాబట్టి "నాలో క్రమశిక్షణ లేదు" అని తిట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఊళ్ళో ఉన్నప్పుడు ఈ అలవాటును ఏ పని మోసింది? ఇక్కడ ఏ పని మోయగలదు? బెంగళూరు గదిలో రోజూ తప్పని పనుల్లో ఒకటి బ్రెడ్. దాని భుజానికి ఎత్తండి.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన అధ్యయనం ఒకటుంది. ఒక్కొక్కరూ తినడానికో తాగడానికో నడవడానికో సంబంధించిన ఒక చిన్న పనిని ఎంచుకుని, దాన్ని రోజులో ఎలాగూ వచ్చే ఒక సందర్భానికి కట్టుకున్నారు. టిఫిన్ తిన్న తరువాత, అన్నట్టుగా. ఆ పని ఆలోచన లేకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే వచ్చింది, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. 21 రోజుల్లో మిమ్మల్ని మార్చేస్తామనే వీడియోలకు ఈ అంకెలు చూపించండి. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. నిన్న వేసుకోలేదా? ఈరోజు వేసుకోండి. అపరాధ భావంతో రేపు రెండింతలు తినక్కర్లేదు.

ఇప్పుడు సంచి గురించి. దాని గొప్పతనం ఆకుల్లో లేదు. ఐస్‌బర్గ్ లెట్యూస్ అయితే వందలో తొంభై అయిదు పాళ్ళు నీళ్ళే. గొప్పతనమంతా విసుగు పుట్టించే పని ముందే ఎవరో చేసి పెట్టడంలో ఉంది. ఏరడం, కడగడం, నీళ్ళు కార్చడం. అలసిన మనిషిని ఆపేసేది తినడం కాదు, ఈ మూడే. అమెరికాలో ఎర్త్‌బౌండ్ ఫార్మ్ 1986లో కడిగిన ఆకుల్ని సంచుల్లో అమ్మడం మొదలుపెట్టింది, 1989లో ఫ్రెష్ ఎక్స్‌ప్రెస్ దేశమంతటా దుకాణాలకు తీసుకెళ్ళింది. తరిగిన ఆకు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. సంచిలో ఆక్సిజన్ తగ్గించి, చల్లగా ఉంచితే ఆ ఊపిరి మందగిస్తుంది, ఆకు ఆలస్యంగా వాడుతుంది. మీరు కత్తెర పెట్టిన క్షణాన ఆ గాలి పోతుంది. అక్కణ్ణుంచి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. వారానికోసారి పెద్ద గిన్నెడు తినేవాడికి ఈ సరుకు పనికిరాదు. రోజూ పిడికెడు తినేవాడికి అచ్చంగా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. 2006 సెప్టెంబరులో అమెరికాలో సంచి పాలకూర తిని ఈ.కోలై సోకి దాదాపు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. పచ్చిగా తినేదానికి పొయ్యి రక్షణ ఉండదు. గడువు తేదీ చూడండి. సంచి ఉబ్బినా, అడుగున నీరు కనిపించినా కొనకండి. ఫ్రిజ్ లేని గదిలో ఉంటే సంచి జోలికే పోవద్దు. కడిగిన ఆకు అని సంచి మీద లేకపోతే మంచి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డ మీద ఆరబెట్టండి.

అసలు సంచి కొనాల్సిందేనా? అక్కర్లేదు. పావగడలోనే ఉన్నవాళ్ళకు సంతలో కొత్తిమీర, పుదీనా, మెంతి కట్టలు దొరుకుతుంటే సంచి ఎందుకు? ఆదివారం సాయంత్రం టీవీ చూస్తూ ఏరండి, కడగండి, ఫ్యాను కింద పాత పంచె మీద ఆరనివ్వండి, పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. మీ సంచి మీరే తయారు చేసుకున్నట్టు. లేత మెంతాకు బ్రెడ్‌లో చేదుగా, కమ్మగా బాగుంటుంది. చేలో ఏరిన దొగ్గలాకు, గురుగాకు మాత్రం పచ్చిగా వద్దు. అవి పొయ్యి ఎక్కాల్సినవే.

బ్రెడ్ మీద ఎలా వేయాలో కూడా చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పాడుచేసి "ఆకు నాకు పడదు" అనేస్తారు. రెండు ముక్కలు పెనం మీద కాల్చండి. ఒకదానికి వెన్న రాయండి, అంచుల దాకా. ఈ పూత ఉంటే ఆకు తడి బ్రెడ్‌లోకి దిగదు. రెండోదానికి ఊరుబిండి పూయండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచిన మన ఊరుబిండే. అమ్మ డబ్బాలో పెట్టి పంపింది అడుగున ఉంటుంది, చూడండి. దాని మీద ఉల్లి చక్రాలు, కావాలంటే ఉడికిన గుడ్డు. ఆకు అన్నిటికన్నా చివర. చేతికి తడి తగలకూడదు. పిడికెడు తీసుకుంటే ఎక్కువనిపిస్తుంది, పై ముక్క పెట్టి నొక్కితే సగానికి దిగుతుంది. ఆకు మీద ఉప్పు ముందే చల్లొద్దు, నీరు వదులుతుంది. ఊరుబిండిలో ఉన్న ఉప్పు చాలు. చెనక్కాయ, కారం, పులుపు ఒక పక్క, కరకరలాడే ఆకు ఒక పక్క. బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో వెన్న రాసిన బన్నులో కారం పట్టించిన చెనక్కాయ పప్పులు నింపి కాంగ్రెస్ బన్ అని అమ్ముతారు కదా. దానికి ఇది మన ఇంటి వరస.

దీంతో ఆకుకూర బాకీ తీరిపోతుందని నమ్మించను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాల్లో రోజుకు 50 గ్రాముల ఆకుకూర తినమంది. బ్రెడ్‌లో పిడికెడు అందులో సగమైనా ఉండదు. ఉండకపోయినా ఫరవాలేదు. ఇప్పటిదాకా సున్నా కదా. నాలుగు వారాల తరువాత మీ చెయ్యి తనంతట తానే డబ్బా వైపు వెళ్తుంటే, అప్పుడు పప్పులో తోటకూర గురించి మాట్లాడుకుందాం.

ఆకును పక్కన పెట్టి ఇదే పద్ధతిని మిగతా చోట్లకు తీసుకెళ్ళండి. రెండు షరతులు: విసుగు పుట్టించే భాగం ముందే అయిపోయి ఉండాలి, ఎలాగూ చేసే పని మీద అది వాలాలి.

పోటీ పరీక్షకు చదివే పిల్ల మధుగిరి మీదుగా తుమకూరు బస్సెక్కితే రెండు గంటలకు పైగా కూర్చోవాలి. "బస్సులో చదువుకుంటా" అని అయిదు వందల పేజీల పుస్తకం సంచిలో వేసుకుంటే అది తిరిగి సంచిలోనే ఇల్లు చేరుతుంది. ముందు రోజు రాత్రి పది ప్రశ్నలు ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. టికెట్ కొన్నాక చీటీ బయటికి. అంతకు మించి పెట్టుకోవద్దు.

కౌలు డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడే ఇళ్ళకు ఇంకో మాట. "ఈసారి కొంత దాచాలి" అనేది సలాడ్ మాటే. డబ్బు పడిన తరువాత దాచడం కష్టం. దానికోసం ముందే ఎదురుచూస్తున్నవాళ్ళు ఇంటినిండా ఉంటారు. పడకముందే బ్యాంకుకు వెళ్ళి, జమ కాగానే ఇంత మొత్తం డిపాజిట్‌లోకి మళ్ళేలా కాగితం మీద సంతకం చేసి రండి. ఫారాలు నింపే విసుగు ఒక్కసారితో పోతుంది.

మన పిల్లల్లో తెలుగు గడగడా మాట్లాడి అక్షరం చదవలేనివాళ్ళు ఎందరో. బడి కన్నడమాయె. దానికి ట్యూషన్ పెట్టకండి, వారంలో మానేస్తారు. మడకశిరకో హిందూపురానికో ఎలాగూ వెళ్తుంటారు. సరిహద్దు దాటగానే బోర్డులన్నీ తెలుగులోకి మారతాయి. బండి మీద ముందు కూర్చున్న పిల్లవాణ్ణి ఒక్క బోర్డు చదవమనండి. కన్నడ అక్షరం వచ్చినవాడికి తెలుగు అక్షరం సగం వచ్చినట్టే. తలకట్టు దగ్గర కాస్త తికమకపడతాడు, అంతే. రెండో బోర్డు అడగొద్దు. వాడే అడుగుతాడు.

ఒక అభ్యంతరం వస్తుంది, తెలుసు. "ఇంత చిన్న చిన్నవి చేస్తే జీవితం ఎప్పటికి మారుతుంది సార్?" ఇలా అడిగేవాళ్ళ ఫ్రిజ్ చూడాలనిపిస్తుంది నాకు. పెద్ద నిర్ణయాలు వద్దని కాదు. ఉద్యోగం మారడం, పెళ్ళి, ఇల్లు కట్టడం పిడికెళ్ళతో అయ్యేవి కావు. వాటికి కూర్చుని ఆలోచించాలి, పెద్దవాళ్ళను అడగాలి, అప్పు లెక్క వేయాలి. రోజూ చేయాల్సిన పనికి మాత్రం ఆ హంగామా పెడితే అది మూడో రోజుకు బరువెక్కుతుంది. ఏది ఏ రకమో ముందు వేరు చేసుకోండి.

ఇక సంచి సంగతి తేల్చేద్దాం. కత్తెర వేసిన రోజున అందులో ఒక మడత టిష్యూ కాగితం పెట్టండి, తేమ పీల్చుకుంటుంది. మూడో రోజు రాత్రి అడుగున నాలుగు ఆకులు మిగులుతాయి. వాడినా జిగట పట్టకుండా, వాసన రాకుండా ఉంటే తరిగి ఆమ్లెట్‌లో వేసెయ్యండి. జిగట తగిలితే ఆలోచించకుండా పారేసి, రేపటి బ్రెడ్‌కు కొత్తిమీర కట్ట తెచ్చుకోండి.