వెనుక కోరల పాములు

త్రాచు, కట్లపాము, రక్తపింజరి మొదలగు వానికి విషపుకోరలు పైదవడ ముందుభాగమున నుండును. పసరిక పాము వంటి కొన్నింటికి అవి వెనుకభాగమున నుండును. విషము కోరమీది గాడి వెంబడి మెల్లగా దిగును. తొండలను, కప్పలను చంపుటకు అది చాలును. మనుష్యునకు సాధారణముగా నొప్పి, వాపు మాత్రమే కలుగును. పసరిక పాము కండ్లనే పొడుచునను మాట నిజము కాదు.

అయినను ఈ పాములన్నియు నిరపాయకరములు కావు. 1957లో చికాగో నగరమున కార్ల్ ష్మిట్ అను ప్రఖ్యాత సర్పశాస్త్రజ్ఞుని ఆఫ్రికాకు చెందిన బూమ్‌స్లాంగ్ కరచెను. మరునాటి ఉదయము ఆయన తేరుకొన్నట్లే తోచెను. మధ్యాహ్నమునకు అంతర్రక్తస్రావముతో మరణించెను.

కావున ఏ పాము కరచినను బిగించి కట్టరాదు, కోయరాదు, నోట పీల్చరాదు. కరచిన అవయవమును కదలనీయక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.