40 టీవీ బాక్సులు ఒకేసారి కొంటున్నారా? లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడండి

ఇంటికి ఒక టీవీ బాక్స్ కొన్నాం, బాగోలేదు. రెండు రోజులు తిట్టుకుని పక్కన పడేస్తాం, అంతే. అదే 40 కొని, 40లోనూ ఒకే లోపం ఉంటే? హోల్‌సేల్‌లో అసలు రిస్క్ ఇదే. ఒక పీస్‌లో ఉన్న తప్పు లాట్ మొత్తంలో ఉంటుంది, ఎందుకంటే అన్నిట్లో ఉండేది ఒకే బోర్డు, ఒకే సాఫ్ట్‌వేర్.

ఈ టాపిక్ మూసాపేట పేరుతో ఎందుకంటే, ఇలా లాట్‌లో కొనేవాళ్ళు ఇక్కడ చాలామంది. 2017 నవంబర్‌లో మియాపూర్–అమీర్‌పేట మెట్రో మొదలయ్యాక ఇక్కడ ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి హైటెక్ సిటీకి వెళ్ళేవాళ్ళకి ఈ ఏరియా బాగా అనుకూలం అయింది. గల్లీ గల్లీకి హాస్టళ్ళు, పీజీలు. రూమ్‌కో టీవీ, టీవీకో బాక్స్. వాటికి నెట్ ఇచ్చే లోకల్ బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్లు, లాట్ తెచ్చి ఒక్కొక్కటిగా అమ్ముకునే షాపులవాళ్ళు కూడా ఇదే మార్కెట్. సరుకు కోసం కోఠి గుజరాతీ గల్లీకో, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్తారు. అక్కడ టేబుల్ మీద ఒకేలా కనిపించే 2 బాక్సులు పెట్టి, ఒకదానికి రెండోదాని కంటే సగం రేటు చెప్తారు. ఆ సగం రేటు వెనక ఏముందో చూద్దాం.

ఆండ్రాయిడ్ వేరు, ఆండ్రాయిడ్ టీవీ వేరు

బాక్స్ మీద "ఆండ్రాయిడ్" అని ఉంటే సరిపోదు. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ ఓపెన్ కాబట్టి ఎవరైనా తీసుకుని ఏ బోర్డు మీదైనా వేసుకోవచ్చు. దీన్ని ఏఓఎస్‌పీ అంటారు. దానికి గూగుల్ అనుమతి అక్కర్లేదు, టెస్టింగ్ ఉండదు. ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ అని చెప్పుకోవాలంటే మాత్రం ఆ మోడల్ గూగుల్ టెస్టులు పాసవ్వాలి. సగం రేటు బాక్సుల్లో ఎక్కువ భాగం మొదటి రకం. ప్లే స్టోర్ కనిపిస్తుంది, కానీ అది ఎవరో పక్కదారిలో ఎక్కించింది.

దీనివల్ల వచ్చే మొదటి ఇబ్బంది పిక్చర్ క్వాలిటీ. సినిమా యాప్స్ తమ వీడియోని వైడ్‌వైన్ అనే తాళం వేసి పంపిస్తాయి. బాక్స్ చిప్‌లోనే భద్రమైన భాగంలో ఆ తాళం తెరుచుకుంటే అది ఎల్1. సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటే ఎల్3. ఎల్3 బాక్స్‌లో నెట్‌ఫ్లిక్స్ 480పీ దాటదు. బాక్స్ మీద 8కే అని రాసి ఉన్నా సరే, 43 అంగుళాల టీవీలో మీకు కనిపించేది ఆ మసక బొమ్మే. ఇంకో మాట, ఎల్1 ఉన్నంత మాత్రాన నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ గ్యారంటీ కాదు. నెట్‌ఫ్లిక్స్ తను విడిగా ఒక్కో మోడల్‌ని సర్టిఫై చేస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సింది "ఎల్1 ఉందా" అని మాత్రమే కాదు, "నెట్‌ఫ్లిక్స్ పెట్టి హెచ్‌డీ చూపించండి" అని. డీఆర్ఎం ఇన్ఫో యాప్ వేస్తే వైడ్‌వైన్ లెవెల్ ఒక్క నిమిషంలో తెలుస్తుంది. 4కే కావాలంటే టీవీ హెచ్‌డీఎంఐ పోర్ట్‌లో కూడా హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి, పాత టీవీల్లో ఇది ఉండకపోవచ్చు.

బ్రాండ్ సర్టిఫైడా కాదా చూడ్డానికి ఆండ్రాయిడ్ టీవీ వెబ్‌సైట్‌లో పార్ట్‌నర్ల లిస్ట్ ఉంటుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ స్టేటస్ కూడా చూడండి.

ఫ్యాక్టరీ నుంచే వైరస్‌తో వచ్చే బాక్సులు

నన్నడిగితే ఈ ఆర్టికల్‌లో ముఖ్యమైన భాగం ఇదే. క్వాలిటీ తగ్గితే కస్టమర్ తిడతాడు. ఇక్కడ తేడా వస్తే పోలీసులు రావచ్చు.

2023 జనవరిలో డేనియల్ మిలిసిక్ అనే కెనడా టెకీ తను అమెజాన్‌లో కొన్న టీ95 బాక్స్‌ని పరిశీలిస్తే, దాని ఫర్మ్‌వేర్‌లోనే మాల్‌వేర్ ఉందని తేలింది. యూజర్ ఏ యాప్ వేయకముందే అది బయటి సర్వర్లతో మాట్లాడుతోంది. ఫర్మ్‌వేర్‌ని అందరికీ తెలిసిన టెస్ట్ కీస్‌తో సైన్ చేశారు, ఏడీబీ నెట్‌వర్క్‌లో ఎవరైనా వచ్చేలా తెరిచి ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో హ్యూమన్ సెక్యూరిటీ సంస్థ ఇలాంటి వ్యవహారం మీద రిపోర్ట్ ఇచ్చి దానికి బ్యాడ్‌బాక్స్ అని పేరు పెట్టింది. 2024 సెప్టెంబర్‌లో డాక్టర్ వెబ్ సంస్థ వోయిడ్ అనే ఇంకో మాల్‌వేర్ 197 దేశాల్లో దాదాపు 13 లక్షల టీవీ బాక్సుల్లో ఉందని చెప్పింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది. జూలైలో గూగుల్ న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. అందులో గూగుల్ చెప్పిన లెక్క కోటికి పైగా డివైజ్‌లు, అన్నీ సర్టిఫికేషన్ లేని ఏఓఎస్‌పీవే.

సరే, అమెరికా కోర్టు కేసుకీ మన మూసాపేట హాస్టల్‌కీ ఏంటి సంబంధం? ఈ మాల్‌వేర్ చేసే పనుల్లో ఒకటి రెసిడెన్షియల్ ప్రాక్సీ. అంటే ఎక్కడో కూర్చున్న మోసగాడు తన ట్రాఫిక్‌ని మీ బాక్స్ గుండా పంపిస్తాడు. ఫేక్ అకౌంట్లు తెరవడం, దొంగిలించిన పాస్‌వర్డ్‌లు ట్రై చేయడం, యాడ్ క్లిక్ ఫ్రాడ్, అన్నీ మీ ఐపీ అడ్రస్ నుంచి జరిగినట్టు కనిపిస్తాయి. ఆ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఎవరి ఆధార్ మీద ఉంది? హాస్టల్ ఓనర్ మీద. సైబర్ క్రైమ్ వాళ్ళు ఐపీ పట్టుకుని వస్తే ముందు తట్టేది మీ తలుపే. "సార్, అది టీవీ బాక్స్ చేసింది" అని అప్పటికప్పుడు నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆపరేటర్ అయితే పరిస్థితి ఇంకా ఇబ్బంది, ఏరియా మొత్తానికి మీ చేత్తోనే పంచి ఉంటారు.

దీన్ని ఫ్యాక్టరీ రీసెట్‌తో వదిలించలేం. మాల్‌వేర్ సిస్టమ్ పార్టిషన్‌లోనే ఉంటుంది కాబట్టి రీసెట్ చేస్తే అదే మళ్ళీ వస్తుంది. అందుకే కొనకముందే పట్టుకోవాలి.

చిప్ విషయం

స్పెక్స్ షీట్‌లో మొదట చూడాల్సింది చిప్ పేరు. తక్కువ రేటు బాక్సుల్లో ఎక్కువగా కనిపించేవి ఆల్‌విన్నర్ హెచ్313, హెచ్616. వీటిలో పాత కార్టెక్స్ ఏ53 కోర్లు ఉంటాయి, ఏవీ1 హార్డ్‌వేర్ డీకోడింగ్ లేదు. ఆమ్‌లాజిక్‌లో ఎస్905ఎక్స్3 వరకు కూడా ఏవీ1 లేదు, ఎస్905ఎక్స్4, స్టిక్‌ల కోసం వచ్చిన ఎస్905వై4 నుంచి ఉంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ ఏవీ1 వాడుతున్నాయి. తక్కువ డేటాలో అదే క్వాలిటీ వస్తుంది, హాస్టల్ లాంటి షేర్డ్ నెట్‌లో అది నేరుగా పనికొస్తుంది. 3 ఏళ్ళు వాడదామని కొనేవాళ్ళు ఏవీ1 లేని చిప్ ఇప్పుడు తీసుకోవద్దు, రేటు ఎంత తగ్గించినా సరే.

ఒక పోలిక చెప్తాను. అమెరికాలో వాల్‌మార్ట్ 2023లో ఆన్ 4కే అనే గూగుల్ టీవీ బాక్స్‌ని 19.88 డాలర్లకే పెట్టింది. ఎస్905వై4 చిప్, 2జీబీ ర్యామ్, 8జీబీ స్టోరేజ్. అంటే సర్టిఫైడ్ బాక్స్ చవగ్గా రావడం అసాధ్యమేం కాదు. కానీ అక్కడ ఆ రేటు వెనక వాల్‌మార్ట్ కొనే సంఖ్య ఉంది. అలాగే స్పెక్స్ చూడండి, 2జీబీ, 8జీబీ అని ఉన్నదున్నట్టు రాశారు. మన దగ్గర అంతకంటే తక్కువకి "8జీబీ ర్యామ్, 128జీబీ స్టోరేజ్" అని ఎవరైనా అంటే, మెమరీ చిప్‌ల రేటు తెలిసినవాళ్ళకి అక్కడే నవ్వొస్తుంది.

ఆ నంబర్లు మార్చడం చాలా ఈజీ. ఫర్మ్‌వేర్‌లో ఒక ఫైల్ ఎడిట్ చేస్తే సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 13 అని, 8జీబీ అని చూపిస్తుంది. సీపీయూ-జడ్ లాంటి యాప్స్ కూడా సిస్టమ్ చెప్పిందే చెప్తాయి కాబట్టి మోసపోతాయి. నమ్మకంగా తేలాలంటే 2 దారులు. పెద్ద సినిమా ఫైల్స్‌ని స్టోరేజ్ నిండే దాకా కాపీ చేసి, మొదట వేసిన ఫైల్‌ని మళ్ళీ ప్లే చేసి చూడండి. లేకపోతే శాంపిల్ పీస్ ఒకటి విప్పి బోర్డు మీద ర్యామ్, స్టోరేజ్ చిప్‌ల నంబర్లు గూగుల్‌లో వెతకండి. 40 బాక్సుల ఆర్డర్ ఇచ్చే కస్టమర్ ఒక్కటి విప్పుతానంటే షాపువాళ్ళు కాదనకూడదు. కాదంటే మీకు జవాబు దొరికినట్టే.

హాస్టల్ నెట్‌లో బాక్స్ ఎలా ఉంటుంది

నెట్‌ఫ్లిక్స్ ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ కావాలి. 40 రూముల్లో ఒకేసారి ఫుల్ హెచ్‌డీ నడిస్తే 200 ఎంబీపీఎస్. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఇది నిజంగానే జరుగుతుంది. కాబట్టి బాక్స్‌లో గిగాబిట్ పోర్ట్ ఉందా అని ఆరాటపడక్కర్లేదు, 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ ఒక బాక్స్‌కి ఎక్కువే. ప్రాబ్లమ్ వైఫైలో వస్తుంది. చవక బాక్సుల్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది. ఒక్క బిల్డింగ్‌లో ఫ్లోర్‌కి 3, 4 రౌటర్లు, పక్క బిల్డింగ్ రౌటర్లు, అందరి బ్లూటూత్ ఇయర్‌బడ్స్, అన్నీ ఆ ఇరుకు బ్యాండ్‌లోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ లేని బాక్స్ ఇలాంటి చోట కొనడం దండగ. కుదిరితే లాన్ కేబుల్ లాగండి.

కొత్తగా వస్తున్న స్టిక్‌లలో ఈథర్‌నెట్ పోర్ట్ ఉండదు, అడాప్టర్ విడిగా కొనాలి. హాస్టల్‌కి స్టిక్ కంటే బాక్స్ మేలని నేననేది ఇందుకే, పైగా స్టిక్ పీకి జేబులో వేసుకుని వెళ్ళిపోవడం సులువు. ఫైర్ టీవీ స్టిక్ వైపు చూసేవాళ్ళు ఒకటి గమనించండి. 2025లో వచ్చిన 4కే సెలెక్ట్ మోడల్ ఆండ్రాయిడ్ మీద కాకుండా వేగా ఓఎస్ మీద నడుస్తుంది, బయటి ఏపీకే ఫైల్స్ ఎక్కవు. ఆపరేటర్ తన సొంత యాప్ పెట్టాలనుకుంటే అది పనికిరాదు. హాస్టల్‌కైతే అదే ప్లస్.

రిమోట్‌లు పోతాయి, ఖాయంగా పోతాయి. బ్లూటూత్ రిమోట్ పోతే అదే మోడల్ విడిగా దొరుకుతుందో లేదో ఆర్డర్ టైమ్‌లోనే అడిగి, కొన్ని స్పేర్ తీసుకోండి. రూముల్లో పాత టీవీలు ఉంటే ఏవీ అవుట్ ఉన్న మోడల్ చూడాలి. మే నెల ఎండల్లో టీవీ వెనక, గాలాడని చోట బాక్స్ 3 గంటలు నడిస్తే వేడికి స్లో అవుతుంది. డెమోలో 5 నిమిషాలు చూస్తే ఇది తెలియదు.

కాగితాలు

మన దేశంలో సెట్ టాప్ బాక్సులకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 2012 ఆర్డర్‌తో మొదలైంది. బాక్స్ మీద, అడాప్టర్ మీద ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి, వచ్చే కంపెనీ, బ్రాండ్ పేర్లు చేతిలో ఉన్న బాక్స్‌తో కలుస్తున్నాయో చూడండి. వేరే ప్రొడక్ట్ నంబర్ తెచ్చి ప్రింట్ చేసేవాళ్ళు ఉంటారు. వైఫై, బ్లూటూత్ ఉన్నాయి కాబట్టి దిగుమతి చేసినవాళ్ళ దగ్గర టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ కూడా ఉండాలి. ప్యాక్ మీద ఎంఆర్‌పీ, ఇంపోర్టర్ పేరు అడ్రస్, తయారైన దేశం ఉండాలి. తిరిగి అమ్మే షాపులకి ఇది ఇంకా ముఖ్యం, తనిఖీకి వచ్చినప్పుడు సరుకు ఉన్నది మీ దగ్గర.

"అన్ని ఓటీటీలు ఫ్రీ, లైఫ్‌టైమ్" అని ముందే యాప్స్ ఎక్కించి ఇచ్చే బాక్సులు అసలు ముట్టుకోకండి. అవి పైరసీ యాప్స్. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం పైరసీకి కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ళ జైలు. ఐబొమ్మ కేసులో 2025 నవంబర్‌లో అరెస్ట్ జరిగింది మూసాపేట పక్కనే, కూకట్‌పల్లిలో. లీగల్ సబ్‌స్క్రిప్షన్ విషయంలోనూ ఒక మాట: నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ పర్సనల్ వాడకానికే, ఓనర్ ఒక అకౌంట్ తీసుకుని రూములన్నిటికీ పంచడం వాళ్ళ రూల్స్ ఒప్పుకోవు. అబ్బాయిలు ఎవరి లాగిన్ వాళ్ళు పెట్టుకోవాలి, రూమ్ ఖాళీ చేసిన రోజే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి.

లాట్ తీసుకునే పద్ధతి

ముందు 2 శాంపిల్స్ కొనండి, వేర్వేరు కార్టన్‌ల నుంచి. షాపువాళ్ళు డెమోకి పెట్టింది వద్దు. ఇంట్లో రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి వాటిని దానికే కలపండి, మీ లాప్‌టాప్, ఫోన్ ఉన్న నెట్‌వర్క్‌కి వద్దు. ఏ అకౌంటూ లాగిన్ చేయకుండా, ఏ యాపూ వేయకుండా 2, 3 రాత్రులు ఆన్‌లో వదిలేయండి. రౌటర్‌లో ఒక్కో డివైజ్ ఎంత డేటా వాడిందో కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న బాక్స్ అప్‌డేట్ చెక్ చేసుకోవడానికి కాస్త డేటా తీసుకుంటే తప్పులేదు. రాత్రంతా అప్‌లోడ్ అవుతోందంటే అక్కడితో ఆపేయండి. పై-హోల్ పెట్టడం తెలిసిన ఫ్రెండ్ ఉంటే ఏ సర్వర్లని పిలుస్తోందో కూడా తెలుస్తుంది. లాప్‌టాప్‌ని కాసేపు అదే గెస్ట్ నెట్‌వర్క్‌కి మార్చి బాక్స్ ఐపీకి ఏడీబీ కనెక్ట్ కొట్టి చూడండి. డెవలపర్ ఆప్షన్స్ ముట్టుకోకుండానే 5555 పోర్ట్ తెరుచుకుంటే ఆ మోడల్ వద్దు. కనెక్ట్ అయితే బిల్డ్ వివరాల్లో టెస్ట్-కీస్ అని ఉందా అన్నది కూడా చూడొచ్చు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఎప్పటిదో చూసి, అప్‌డేట్స్ ఎవరిస్తారు, ఎన్నాళ్ళిస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

శాంపిల్ పాసయ్యాక కూడా లాట్‌లో అదే బోర్డు వస్తుందన్న గ్యారంటీ లేదు. బయట డబ్బా అదే ఉంచి లోపల చిప్ మార్చేస్తారు, ఈ లైన్‌లో ఇది మామూలే. అందుకే జీఎస్టీ బిల్లు మీద మోడల్, చిప్ పేరు, ర్యామ్, స్టోరేజ్ రాయించండి. కచ్చా బిల్లు మీద 40 బాక్సులు తీసుకుంటే రేపు వారంటీకి నిలబడేది ఏమీ ఉండదు. సరుకు దిగిన రోజే కార్టన్‌కి ఒకటి చొప్పున తెరిచి, సెట్టింగ్స్‌లో ఫర్మ్‌వేర్ బిల్డ్ నంబర్ శాంపిల్‌తో పోల్చండి. తేడా ఉంటే ఆ పీస్‌కి పైన చెప్పిన రాత్రి టెస్ట్ మళ్ళీ చేయాలి. మిగతా డబ్బు ఆ తర్వాతే ఇస్తామని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి. సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్, రూమ్ నంబర్ ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటే, రౌటర్‌లో ఏదైనా తేడా కనిపించిన రోజు ఏ రూమ్‌లోని బాక్సో వెంటనే తెలిసిపోతుంది.